‘గ్యాస్‌’, ‘గర్భసంచి’ మాటల చాటున అండాశయ క్యాన్సర్‌

క్లుప్తంగా: అండాశయ క్యాన్సర్‌ ఎక్కువ మందిలో పొట్టంతా పాకిన తర్వాతే బయటపడుతుంది. అంతకు ముందే కొన్ని లక్షణాలు కనిపిస్తాయి గానీ అవి గ్యాస్‌, అజీర్తి, వయసు ఖాతాలో పడిపోతాయి. పాప్‌స్మియర్‌ (గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష) దీన్ని పట్టుకోదు, హెచ్‌పీవీ టీకా దీన్ని ఆపదు, గర్భసంచి తీయించుకున్నంత మాత్రాన ముప్పు తొలగిపోదు. మొదటి ఆపరేషన్‌ ఎవరి చేతిలో, ఎంత పూర్తిగా జరిగిందన్నది ఆ తర్వాతి ఏళ్లను చాలావరకు నిర్ణయిస్తుంది.

మూడు జబ్బులకు ఒకే పేరు

వరంగల్‌ నుంచి ఆదిలాబాద్‌ దాకా ఆడవాళ్లకు పొత్తికడుపులో వచ్చే ఏ క్యాన్సర్‌నైనా జనం ‘గర్భసంచి క్యాన్సర్‌’ అనే అంటారు. ఆ పేరు కింద నిజానికి మూడు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకటి గర్భాశయ ముఖద్వారానికి వచ్చేది. రెండోది గర్భాశయం లోపలి పొరకు వచ్చేది. మూడోది గర్భాశయానికి అటూ ఇటూ బాదంకాయ ఆకారంలో ఉండే అండాశయాలకు వచ్చేది.

ముఖద్వార క్యాన్సర్‌ దాదాపు ప్రతిసారీ హెచ్‌పీవీ వైరస్‌ వల్లే వస్తుంది. ముదరడానికి పదేళ్లకు పైగా పడుతుంది, పాప్‌స్మియర్‌ లాంటి పరీక్షల్లో ముందే దొరుకుతుంది. గర్భాశయం లోపలి పొరకు వచ్చే క్యాన్సర్‌ ముట్లుడిగిన చాలా కాలానికి మళ్లీ రక్తస్రావంతో బయటపడుతుంది. ఆ రక్తం చూసి భయపడి దవాఖానకు పోతారు కాబట్టి చాలామందిలో తొలి దశలోనే తెలుస్తుంది. అండాశయ క్యాన్సర్‌కు ఈ రెండు వెసులుబాట్లూ లేవు. అండాశయం కడుపు లోపల స్వేచ్ఛగా వేలాడే అవయవం. అక్కడ పెరిగే కణాలు ముఖద్వారం నుంచి తీసే నమూనాలోకి సాధారణంగా రావు. రక్తస్రావం కూడా తక్కువ మందిలోనే కనిపిస్తుంది.

ఈ తేడా తెలియకపోతే జరిగే నష్టం చిన్నది కాదు. పాప్‌స్మియర్‌ నార్మల్‌గా వచ్చిన మహిళ ‘గర్భసంచి పరీక్ష అయిపోయింది, ఏమీ లేదన్నారు’ అని నిశ్చింతగా ఉంటుంది. కూతురికి హెచ్‌పీవీ టీకా వేయించిన తల్లి ఆడవాళ్ల క్యాన్సర్లన్నిటికీ అది రక్ష అనుకుంటుంది. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం ఆరోగ్య కేంద్రాల ద్వారా చేయిస్తున్న స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం మాత్రమే ఉన్నాయి. అండాశయం అందులో లేదు. దాని కారణం కింద వస్తుంది.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 47 వేల మంది మహిళలకు ఈ జబ్బు కొత్తగా బయటపడుతోంది, దాదాపు 33 వేల మంది చనిపోతున్నారు. రొమ్ము, ముఖద్వార క్యాన్సర్ల తర్వాత భారతీయ మహిళల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. వచ్చినవారికీ పోయినవారికీ మధ్య అంకె ఇంత దగ్గరగా ఉండటమే ఈ జబ్బు ఎంత ఆలస్యంగా దొరుకుతోందో చెబుతుంది.

పుట్టేది అండాశయంలోనేనా?

అండాశయ క్యాన్సర్లలో 90 శాతం దాకా ఎపిథీలియల్‌ రకానివి, అంటే అవయవాలను కప్పే పొరల కణాల్లో పుట్టేవి. వాటిలో అత్యధికం, అత్యంత ప్రమాదకరం ‘హైగ్రేడ్‌ సీరస్‌’ అనే ఉపరకం. ఇది అండాశయం పైపొరలోంచి పుడుతుందని దశాబ్దాల పాటు పుస్తకాల్లో రాశారు. 2000 తర్వాత ఆ లెక్క మారింది. వంశపారంపర్యంగా ముప్పు ఉన్న మహిళలకు ముందుజాగ్రత్తగా తీసిన అండాశయాలను, నాళాలను సన్నని ముక్కలుగా కోసి చూసినప్పుడు తొలి మచ్చలు అండాశయంలో కాక, అండాన్ని గర్భాశయానికి చేర్చే ఫెలోపియన్‌ నాళం చివర కుచ్చుల్లా ఉండే భాగంలో కనిపించాయి. నెలనెలా అండం విడుదలైనప్పుడు ఆ కుచ్చులు అండాశయాన్ని తడుముతూ అందులోంచి వచ్చే ద్రవంలో నానుతాయి. అక్కడ దెబ్బతిన్న కణాలు పక్కనే ఉన్న అండాశయం మీదికి రాలి పెరుగుతాయన్నది ఇప్పుడు ఎక్కువ మంది నిపుణులు ఒప్పుకుంటున్న వివరణ.

ముప్పు పెంచేవి, తగ్గించేవి చాలావరకు ఈ ఒక్క సూత్రంతో అర్థమవుతాయి. జీవితంలో అండాలు ఎన్నిసార్లు విడుదలైతే ముప్పు అంత ఎక్కువ. పిల్లలు లేకపోవడం, ముట్లు చిన్న వయసులో మొదలై ఆలస్యంగా ఆగిపోవడం దాన్ని పెంచుతాయి. కాన్పులు, చనుబాలు ఇవ్వడం తగ్గిస్తాయి. గర్భనిరోధక మాత్రలు ఐదేళ్లకు పైగా వాడినవారిలో ముప్పు సగం వరకు తగ్గినట్టు పెద్ద అధ్యయనాలు చూపాయి, ఆ రక్షణ మాత్రలు ఆపిన తర్వాత కూడా ఏళ్ల తరబడి నిలుస్తుంది.

తెలంగాణకు సంబంధించి ఇక్కడ ఒక ప్రత్యేకమైన విషయం ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో పెళ్లయి పునరుత్పత్తి వయసులో ఉన్న పదిమంది మహిళల్లో దాదాపు ఆరుగురు కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌ చేయించుకున్నవారే. ఆ ఆపరేషన్‌ అండాశయ క్యాన్సర్‌ ముప్పును సుమారు నాలుగో వంతు తగ్గిస్తుంది. అయితే మామూలుగా ట్యూబు మధ్యలో ముడి వేస్తారు, లేదా ల్యాప్రోస్కోపీతో ఉంగరం బిగిస్తారు. చివర కుచ్చులు అలాగే ఉండిపోతాయి. అందుకే ఎండోమెట్రియాసిస్‌తో (గర్భాశయం లోపలి పొర లాంటి కణజాలం బయట పెరిగే జబ్బు) ముడిపడిన రకాల మీద ఈ ఆపరేషన్‌ బాగా పనిచేసినా, కుచ్చుల్లోంచే పుట్టే సీరస్‌ రకం మీద ప్రభావం తక్కువ.

ఏదో ఒక కారణంతో పొట్ట తెరిచినప్పుడు, పిల్లలు వద్దనుకున్నవారికి నాళాలను మొత్తంగా తీసేసి అండాశయాలను ఉంచడం అన్న పద్ధతి దీన్నుంచే వచ్చింది. కెనడాలోని బ్రిటిష్‌ కొలంబియా రాష్ట్రంలో 2010 నుంచి వైద్యులు దీన్ని అనుసరిస్తున్నారు. అలా నాళాలు తీయించుకున్నవారిలో సీరస్‌ క్యాన్సర్లు మామూలు లెక్క ప్రకారం రావాల్సిన సంఖ్య కన్నా చాలా తక్కువగా ఉన్నాయని 2022లో ప్రచురించిన ఫలితాలు చూపాయి. ఇంత పెద్ద సంఖ్యలో ఆపరేషన్లు జరిగే మన దగ్గర ఈ చర్చ ఇంకా ఆస్పత్రుల గోడలు దాటి రాకపోవడం లోటే. కాన్పు సమయంలో ఈ ప్రశ్న డాక్టరును అడగడానికి ఏ అడ్డూ లేదు.

లంగా నాడా చెప్పే కబురు

‘పొట్ట ఉబ్బుతోంది, రెండు ముద్దలు తినంగనే నిండిపోతోంది, మాటిమాటికి ఒంటికి పోవాల్సి వస్తోంది.’ యాభై దాటిన ఆడమనిషి ఈ మూడు మాటలు చెబితే ఊళ్లో మొదట దొరికే వైద్యం గ్యాస్‌ గోలీ. ఆర్‌ఎంపీ దగ్గర వారం, మందుల షాపులో రెండు వారాలు, టౌన్‌లో కడుపు డాక్టరు దగ్గర ఒక ఎండోస్కోపీ, ఆ రిపోర్టులో ‘గ్యాస్ట్రైటిస్‌’ అన్న ఒక్క పదం. ఇలా నెలలు గడుస్తాయి. ఎండోస్కోపీ ఆహారనాళం, జీర్ణాశయం లోపలిని చూపుతుంది. దాని బయట పొట్ట గదిలో ఏముందో దానికి కనిపించదు.

ఈ లక్షణాలు ఎందుకు వస్తాయో తెలిస్తే గ్యాస్‌కూ దీనికీ తేడా పట్టుకోవడం సులువు. అండాశయం చుట్టూ జబ్బును ఆపే గట్టి గోడ లేదు. కణాలు రాలి, పొట్ట లోపల సహజంగా ఉండే కొద్దిపాటి ద్రవంలో కలుస్తాయి. ఊపిరి తీసి వదిలే కదలికతో ఆ ద్రవం కటి భాగం నుంచి పైకి, కాలేయం మీదికి, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రం అనే కండర పొర దాకా తిరుగుతుంటుంది. కణాలు వెళ్లిన చోటల్లా అతుక్కుంటాయి. పేగుల ముందు తెరలా వేలాడే కొవ్వు పొరను ఓమెంటం అంటారు. అది వాటికి ఇష్టమైన చోటు, అక్కడ పెరిగి రొట్టెలా గట్టిపడి జీర్ణాశయాన్ని నొక్కుతుంది. రెండు ముద్దలకే కడుపు నిండినట్టు ఉండటానికి కారణం అదే. డయాఫ్రం దగ్గర ద్రవాన్ని పీల్చుకునే సన్నని నాళాలు కణాలతో మూసుకుపోతాయి. గడ్డలకు కొత్తగా పుట్టే రక్తనాళాలు కారుతుంటాయి. పోయే దారి మూసుకుపోయి, వచ్చేది పెరిగి, పొట్టలో నీరు చేరుతుంది.

గ్యాస్‌ ఉబ్బరం పొద్దుటికి తగ్గి, తిన్నాక పెరుగుతుంది, ఒకరోజు ఉండి ఒకరోజు పోతుంది. ఈ ఉబ్బరం రోజురోజుకూ పెరుగుతుందే గానీ తగ్గదు. చెంపలు, చేతులు చిక్కిపోతుంటాయి, లంగా నాడా మాత్రం బిగుతవుతుంది. చూసినవాళ్లు ‘ఒళ్లు చేసినవ్‌’ అంటారు. ఇంతటి స్పష్టమైన గుర్తును పక్కింటివాళ్లు కూడా పట్టుకోగలరు, దాని అర్థం తెలిసి ఉంటే.

వైద్యంలో దీనికి ఒక కొలత ఉంది. ఉబ్బరం, పొత్తికడుపు లేదా కడుపు నొప్పి, త్వరగా కడుపు నిండటం, మూత్రం తొందర. వీటిలో ఏదైనా ఏడాది లోపు కొత్తగా మొదలై, నెలలో 12 రోజులకు మించి ఉంటే పరీక్షించాలి. యాభై దాటాక మొదటిసారి ‘పేగుల చికాకు’ అన్న పేరు పెట్టించుకున్న మహిళకు అండాశయాలు చూడకుండా ఆ పేరు ఖాయం చేయకూడదని బ్రిటన్‌ మార్గదర్శకాలు చెబుతాయి. పేగుల చికాకు ఆ వయసులో కొత్తగా మొదలవడం అరుదు.

పై లక్షణాలున్నంత మాత్రాన క్యాన్సర్‌ అని కాదు, ఎక్కువ మందిలో అది మరేదో అవుతుంది. చేయాల్సిన మొదటి పరీక్ష పొట్ట, పొత్తికడుపు అల్ట్రాసౌండ్‌. హన్మకొండలోనే కాదు, జనగామ, మహబూబాబాద్‌, భూపాలపల్లి లాంటి పట్టణాల్లోనూ అది దొరుకుతుంది.

పొట్టలో నీరు, టీబీ

పొట్టలో నీరు, బరువు తగ్గడం, సాయంత్రం సన్నని జ్వరం, రక్తంలో సీఏ-125 (అండాశయ క్యాన్సర్‌ అనుమానంలో చూసే ప్రొటీన్‌) పెరగడం. ఈ నాలుగూ పొట్టలోని పొరకు వచ్చే టీబీలోనూ ఉంటాయి. స్కాన్‌లో రెండూ ఒకేలా కనిపించవచ్చు. టీబీ ఎక్కువగా ఉన్న మన దగ్గర పొరపాటు రెండు వైపులా జరిగే వీలుంది. క్యాన్సర్‌ ఉన్న మనిషికి ఆరు నెలల టీబీ మందులు నడుస్తాయి. టీబీ ఉన్న చిన్న వయసు అమ్మాయికి అండాశయాలు, గర్భసంచి తీసేస్తారు. రెండూ సరిదిద్దలేని నష్టాలే. నీటిని తీసి ఏడీఏ (టీబీలో పెరిగే ఎంజైమ్‌) స్థాయి, క్యాన్సర్‌ కణాలు చూడటం తొలి మెట్టు. తేల్చిచెప్పేది ముక్క పరీక్ష (బయాప్సీ). ‘ముందు టీబీ మందులు వాడి చూద్దాం’ అన్న సలహా ముక్క పరీక్ష లేకుండా వస్తే ఇంకో డాక్టరును అడగడం తప్పు కాదు.

గర్భసంచి తీసేశాక...

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే తెలంగాణలో 7.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌ తర్వాత మనదే. తెల్లబట్టకూ, నడుం నొప్పికీ, ఎక్కువ ముట్టుకూ ‘తీసేస్తే పీడ పోతుంది’ అని ముప్పై అయిదేళ్లకే తీయించిన ఆపరేషన్లు ఇందులో ఎన్నో. ‘ఉంచితే క్యాన్సర్‌ అవుతుంది’ అన్న భయం వారిలో చాలామందిని ఆ బల్ల మీదికి చేర్చింది.

ఆపరేషన్‌లో ఏం తీశారన్నది చాలామందికి తెలియదు. గర్భసంచి ఒక్కటే తీశారా, నాళాలు కూడా తీశారా, అండాశయాలు ఒకటి తీశారా రెండూ తీశారా అన్నది డిశ్చార్జి సమ్మరీలో మాత్రమే ఉంటుంది, అది ఇంట్లో ఏ బీరువా అడుగునో ఉంటుంది. అండాశయాలు ఉంచి ఉంటే వాటి క్యాన్సర్‌ ముప్పు ఉన్నట్టే. ముట్టు ఆగిపోయింది కాబట్టి ఆ వైపు ఆలోచన పోదు, డాక్టరు అడిగినా ‘నాకు గర్భసంచి లేదు సార్‌’ అనే జవాబుతో ప్రశ్న ముగిసిపోతుంది. ఈ మహిళల్లో జబ్బు ఆలస్యంగా దొరకడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు.

అలాగని అందరికీ అండాశయాలు కూడా తీసేయడం పరిష్కారం కాదు. 45 ఏళ్ల లోపు రెండు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్‌ ఒక్కసారిగా పడిపోతుంది. ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. సగటు మహిళకు అండాశయ క్యాన్సర్‌ వచ్చే అవకాశం నూటికి ఒకటి చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి ఆ బేరం గిట్టదు. గర్భసంచి తీయడం నిజంగా అవసరమైన చోట నాళాలు తీసి అండాశయాలు ఉంచడం రెండింటికీ మధ్య దారి.

నాయనమ్మ, మేనత్తల లెక్క

ముప్పు పెంచే అంశాల్లో వయసు తర్వాత పెద్దది వంశం. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో లోపంతో పుట్టినవారిలో 80 ఏళ్లు వచ్చేలోగా అండాశయ క్యాన్సర్‌ వచ్చే అవకాశం మొదటిదానికి నూటికి 44, రెండోదానికి నూటికి 17 దాకా ఉంటుందని పెద్ద అధ్యయనాల అంచనా. పేగు, గర్భాశయ క్యాన్సర్లు ఎక్కువగా కనిపించే కుటుంబాల్లో ఉండే లించ్‌ సిండ్రోమ్‌ కూడా ఈ ముప్పును పెంచుతుంది.

ఇక్కడ జరిగే పొరపాటు అమ్మ వైపు మాత్రమే అడగడం. ఈ లోపం తండ్రి నుంచీ అంతే సమానంగా వస్తుంది. తండ్రికి ఏ జబ్బూ రాకపోవచ్చు గానీ నాయనమ్మకు రొమ్ము క్యాన్సర్‌, మేనత్తకు ‘కడుపు క్యాన్సర్‌’ ఉంటే ఆ లెక్క కూతురి మీదికి వస్తుంది. ఆ ‘కడుపు క్యాన్సర్‌’ అండాశయానిదేమో ఎవరూ విడదీసి చెప్పరు, కడుపు నిండా నీరు వచ్చి పోయిందనే గుర్తుపెట్టుకుంటారు. వంశ చరిత్ర అడిగే డాక్టరుకు ఆ నీటి సంగతే చెప్పడం మంచిది.

మేనరికం వల్ల ఇది వస్తుందా అన్న ప్రశ్న మన ప్రాంతంలో తరచూ వినిపిస్తుంది. బీఆర్‌సీఏ లోపం ముప్పు తేవడానికి తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ రానక్కర్లేదు, ఒకరి నుంచి వస్తే చాలు. కాబట్టి మేనరికాన్ని దీనికి కారణంగా చూపలేం.

అండాశయ క్యాన్సర్‌ ఖాయమైన మహిళల్లో సుమారు 15 శాతం మందిలో, కొన్ని చోట్ల అంతకన్నా ఎక్కువ మందిలో ఈ లోపం కనిపిస్తుంది. వారిలో చాలామందికి కుటుంబంలో ఎవరికీ క్యాన్సర్‌ ఉండదు. అందుకే చరిత్ర ఉన్నా లేకపోయినా ఎపిథీలియల్‌ రకం వచ్చిన ప్రతి ఒక్కరికీ జన్యు పరీక్ష చేయాలన్నది ఇప్పటి ప్రమాణం. లోపం తేలితే అక్కచెల్లెళ్లకు, కూతుళ్లకు అది ముందే తెలుస్తుంది. పిల్లలు పుట్టడం పూర్తయ్యాక, బీఆర్‌సీఏ1 ఉన్నవారికి 35–40 ఏళ్ల మధ్య, బీఆర్‌సీఏ2 ఉన్నవారికి 40–45 మధ్య అండాశయాలు, నాళాలు తీసేస్తే ముప్పు దాదాపు 80 శాతం తగ్గుతుంది. ఇంత ఎక్కువ ముప్పు ఉన్నవారి విషయంలో పైన చెప్పిన బేరం తిరగబడుతుంది.

మిగిలినవి తక్కువ బరువున్నవి. ఎండోమెట్రియాసిస్‌ కొన్ని ఉపరకాలకు దారితీస్తుంది. ముట్లుడిగాక హార్మోన్‌ మాత్రలు, ఊబకాయం కొంత పెంచుతాయి. పొగతాగడం మ్యూసినస్‌ అనే ఒక్క రకంతోనే ముడిపడి ఉంది. టాల్కమ్‌ పౌడర్‌ మీద వివాదం ఏళ్లుగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్‌ విభాగం 2024లో టాల్క్‌ను ‘బహుశా క్యాన్సర్‌ కారకం’ అన్న వర్గంలో పెట్టింది. జననాంగాల దగ్గర పౌడర్‌ వాడకపోతే పోయేదేమీ లేదు.

స్కాన్‌లో ‘నీటి బుడగలు’ అని రాసిన ప్రతి అమ్మాయీ భయపడుతోంది. పీసీఓడీలో కనిపించే బుడగలు ఎదగని అండాల సంచులు, అవి క్యాన్సర్‌గా మారవు. నెలసరి వచ్చే వయసులో పలచని గోడతో, లోపల నీరు మాత్రమే ఉన్న చిన్న బుడగ చాలావరకు రెండు మూడు నెలల్లో దానంతటదే పోతుంది. ముట్లుడిగాక కొత్తగా వచ్చే బుడగ, లోపల గట్టి భాగాలు, గోడలు ఉన్న బుడగ మాత్రం వదిలేయాల్సినవి కావు.

ప్యాకేజీలో ఒక రక్త పరీక్ష

ఏ లక్షణమూ లేని మహిళలకు ‘ఫుల్‌ బాడీ చెకప్‌’ పేరుతో సీఏ-125 చేస్తున్న ల్యాబులు ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ ఉన్నాయి. ఆ అంకె 35 దాటితే రిపోర్టులో నల్లటి అక్షరాల్లో వస్తుంది, ఇల్లంతా ఏడుపు మొదలవుతుంది. ఈ అంకె ముట్టు రోజుల్లో పెరుగుతుంది. గర్భంలో, ఫైబ్రాయిడ్లలో, ఎండోమెట్రియాసిస్‌లో, టీబీలో, కాలేయం దెబ్బతిన్నప్పుడూ పెరుగుతుంది. మరోవైపు తొలి దశలో ఉన్న క్యాన్సర్లలో దాదాపు సగంలో ఇది మామూలుగానే ఉంటుంది.

అందరికీ ముందే పరీక్షిస్తే ప్రాణాలు మిగులుతాయా అన్నది ఎవరో ఊహించి వదిలేసిన ప్రశ్న కాదు. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా మహిళలను ఏళ్ల తరబడి గమనించి 2021లో ఫలితాలు ప్రకటించారు. ఏటా రక్త పరీక్షలు, స్కాన్లు చేయించినా మరణాలు తగ్గలేదు. అమెరికాలో 78 వేల మందితో చేసిన అధ్యయనం 2011లో అదే చెప్పింది. అందులో 3,285 మందికి లేని జబ్బు ఉన్నట్టు చూపింది, వారిలో 1,080 మందికి ఆపరేషన్‌ జరిగింది, ఆ ఆపరేషన్లలో దాదాపు 15 శాతం మందికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి. ప్రభుత్వ స్క్రీనింగ్‌లో అండాశయం లేకపోవడానికి కారణం ఇదే.

లక్షణాలున్నవారిలో అదే పరీక్ష విలువైనది. స్కాన్‌లో కనిపించే గుర్తులకు, ముట్లుడిగాయా లేదా అన్నదానికి మార్కులు వేసి, సీఏ-125 అంకెతో గుణించే ఒక లెక్క ఉంది. అది 200 దాటితే మామూలు స్త్రీవైద్య నిపుణులు ఆపరేషన్‌ మొదలుపెట్టకుండా క్యాన్సర్‌ సర్జన్‌ దగ్గరికి పంపాలి.

మొదటి కోత

ఈ జబ్బులో ఎక్కువ నష్టం జరిగే మలుపు ఇక్కడే ఉంది. ‘అండాశయంలో గడ్డ’ అన్న రిపోర్టుతో దగ్గర్లోని ఏ నర్సింగ్‌ హోంలోనో చేరితే, గడ్డ ఒక్కటే తీసి, ముక్క పరీక్షకు పంపి, పది రోజుల తర్వాత క్యాన్సర్‌ అని తెలిశాక హైదరాబాద్‌ పంపడం తరచూ జరిగే పని. అప్పటికి రెండు తప్పులు జరిగి ఉండవచ్చు. గడ్డ పొట్టలోనే పగిలి ఉంటే, అప్పటిదాకా ఒక అండాశయానికే పరిమితమైన జబ్బు 1ఏ దశ నుంచి 1సీ దశలోకి మారుతుంది, లేని కీమో అవసరం రావచ్చు. తొలి దశ అనిపించే గడ్డలోకి సూది గుచ్చి ద్రవం తీయకూడదనేది ఇందుకే. రెండోది, ఓమెంటం, పొట్ట లోపలి పొర, ద్రవం నమూనాలు తీయకపోతే జబ్బు ఏ దశలో ఉందో తెలియదు, మళ్లీ పొట్ట తెరవాల్సి వస్తుంది.

జబ్బు పాకినవారిలో ఆపరేషన్‌ లక్ష్యం కంటికి కనిపించే గడ్డ ఒక్కటి కూడా మిగలకుండా తీయడం. గర్భాశయం, అండాశయాలు, నాళాలు, ఓమెంటంతో పాటు అవసరమైతే పేగు ముక్క, డయాఫ్రం మీది పొర కూడా తీస్తారు. ఏమీ మిగలని వారికీ, ఒక సెంటీమీటరుకు మించి మిగిలినవారికీ మధ్య బతికే కాలంలో తేడా ఏళ్లలో ఉంటుంది. అందుకే దీనికి శిక్షణ పొందిన సర్జన్‌, రక్తనిధి, ఐసీయూ ఉన్న చోటు కావాలి. మామూలు గర్భసంచి ఆపరేషన్‌తో దీన్ని పోల్చకూడదు.

ఒంట్లో నీరు, రక్తహీనత, నీరసంతో అంత పెద్ద ఆపరేషన్‌కు తట్టుకోలేనివారికి, మొదటే అంతా తీయడం కుదరదనిపించినవారికి ముందు మూడు విడతల కీమో ఇచ్చి, గడ్డలు తగ్గాక ఆపరేషన్‌ చేసి, మళ్లీ మూడు విడతలు ఇస్తారు. 2010లో యూరప్‌లో, 2015లో బ్రిటన్‌లో ఫలితాలు వెలువడిన అధ్యయనాల్లో ఈ దారి ముందు ఆపరేషన్‌ చేసే దారికి తీసిపోలేదు. ‘ముందు కీమో అన్నారంటే చేతులెత్తేసినట్టే’ అని బంధువులు అనుకోవడం సరికాదు.

కీమో, ఆ తర్వాతి మాత్రలు

కీమోలో వెన్నెముక లాంటివి రెండు మందులు, కార్బోప్లాటిన్‌, పాక్లిటాక్సెల్‌. మూడు వారాలకోసారి, మొత్తం ఆరు విడతలు. జుట్టు రాలుతుంది, తిరిగి వస్తుంది. అరికాళ్లు, వేళ్ల చివర్ల తిమ్మిర్లు కొందరిలో చాలాకాలం ఉంటాయి. ఇంటికి పోయాక జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదు. తెల్లకణాలు తగ్గిన వారంలో వచ్చే జ్వరానికి గోలీ వేసుకుని పడుకోకుండా అదే రోజు దవాఖానకు చేరాలి.

ఎక్కువ మందిలో ఈ చికిత్స మొదట బాగా పనిచేస్తుంది. మూడో దశలో దొరికినవారిలో ఎక్కువ మందికి కొన్ని ఏళ్లలో జబ్బు తిరిగి వస్తుంది, ఈ మాట ముందే చెప్పడం డాక్టర్ల బాధ్యత. చివరి కీమోకూ తిరిగి రావడానికీ మధ్య ఆరు నెలలకు మించి గడువుంటే అదే ప్లాటినం మందు మళ్లీ పనిచేసే అవకాశం ఎక్కువ.

గత కొన్నేళ్లలో నిజంగా పరిస్థితిని మార్చింది పార్ప్‌ నిరోధకాలు అనే మాత్రలు. వాటి పని తీరును సిరిసిల్ల మగ్గంతో అర్థం చేసుకోవచ్చు. కణంలోని డీఎన్‌ఏ రెండు పోగుల దారం. ఒక పోగు తెగితే అతికే పని పార్ప్‌ది. రెండు పోగులూ తెగితే సరిగ్గా కలిపే పని బీఆర్‌సీఏది. బీఆర్‌సీఏ చెడిన క్యాన్సర్‌ కణం పార్ప్‌ మీదే ఆధారపడి బతుకుతుంది. మాత్ర ఆ పార్ప్‌ను కూడా ఆపేస్తే తెగిన పోగులు అతుక్కోక ఆ కణం చచ్చిపోతుంది. ఒక మంచి జన్యువు మిగిలి ఉన్న మామూలు కణాలు నిలబడతాయి. బీఆర్‌సీఏ లోపం ఉండి, కీమోకు లొంగిన మహిళలకు ఒలాపరిబ్‌ అనే పార్ప్‌ మాత్ర రెండేళ్లు ఇచ్చిన అధ్యయనంలో ఐదేళ్ల తర్వాత కూడా జబ్బు ముదరనివారు 48 శాతం. మాత్ర ఇవ్వనివారిలో అది 21 శాతమే. జన్యు పరీక్ష చేయించకపోతే ఈ మాత్ర ఎవరికి పనికొస్తుందో తెలిసే దారే లేదు.

పదహారేళ్ల అమ్మాయికి వస్తే

అండాశయ క్యాన్సర్‌ అంటే అంతా ముసలితనపు జబ్బు కాదు. పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య వేగంగా పెరిగే గడ్డ, అకస్మాత్తుగా కడుపునొప్పితో వచ్చేది ఎక్కువగా జెర్మ్‌సెల్‌ రకం, అంటే అండాలుగా మారే కణాల్లో పుట్టేది. దీన్ని పట్టించే రక్త పరీక్షలు ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్‌. కీమోకు ఇది అద్భుతంగా లొంగుతుంది, తొలి దశలో 90 శాతానికి పైగా నయమవుతుంది. దెబ్బతిన్న అండాశయం ఒక్కటే తీసి రెండోదాన్నీ గర్భసంచినీ ఉంచవచ్చు. తర్వాత పెళ్లి, పిల్లలు అన్నీ మామూలే. ‘క్యాన్సర్‌ కదా, అన్నీ తీసేయండి’ అని ఇంట్లోవాళ్లు సంతకం పెట్టే ముందు ఈ రకమేనా అని ఒక్కసారి అడగాలి.

వరంగల్‌ నుంచి దారి

వరంగల్‌లో ఎంజీఎం, హన్మకొండ ప్రసూతి ఆస్పత్రి, సీకేఎం ఆస్పత్రి కాకతీయ మెడికల్‌ కాలేజీకి అనుబంధంగా ఉన్నాయి. పరీక్షకూ, స్కాన్‌కూ, సలహాకూ ఇవే మొదటి మెట్టు. పెద్ద ఆపరేషన్‌కు ప్రభుత్వ రంగంలో ఎక్కువ మంది చేరేది హైదరాబాద్‌ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్‌ ఆస్పత్రికి, నిమ్స్‌కు. వరంగల్‌కు హైదరాబాద్‌ 140 కిలోమీటర్ల పైచిలుకు. ఆసిఫాబాద్‌, ఆదిలాబాద్‌ మండలాల వారికి ఆ దూరం రెండింతలు.

ఆరోగ్యశ్రీలో క్యాన్సర్‌ ఆపరేషన్లు, కీమో ఉన్నాయి. 2023 డిసెంబరు 9న రాష్ట్రంలో పథకం పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. అదే రోజు మొదలైన మహాలక్ష్మి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో మహిళలకు టికెట్టు లేదు. ఆరు విడతల కీమోకు రాకపోకల ఖర్చు రోగి వరకు తగ్గింది. తోడు వచ్చే కొడుకుకో భర్తకో టికెట్టు, పోయిన కూలి, ఆస్పత్రి బయట తిండి, పడక ఖర్చులు మిగిలే ఉన్నాయి. మధ్యలో కీమో మానేసేవారిలో చాలామంది ఆ ఖర్చుల దగ్గరే ఆగిపోతారు. ఏళ్ల తరబడి వేసుకోవాల్సిన ఖరీదైన మాత్రలు ఏ మేరకు పథకంలోకి వస్తాయన్నది చికిత్స మొదట్లోనే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి.

2025–26 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆస్పత్రుల్లో డేకేర్‌ క్యాన్సర్‌ కేంద్రాలు పెడతామని ప్రకటించారు. అండాశయ క్యాన్సర్‌కు ఇది సరిగ్గా సరిపోయే ఏర్పాటు. కార్బోప్లాటిన్‌, పాక్లిటాక్సెల్‌ పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి ముగుస్తాయి. ఆపరేషన్‌ హైదరాబాద్‌లో, కీమో ములుగులోనో మంచిర్యాలలోనో జరిగితే ఒక కుటుంబానికి ఆరు ప్రయాణాలు తప్పుతాయి. దానికి కావాల్సింది మందుతో పాటు మందు కలిపే శిక్షణ ఉన్న నర్సు, రక్త పరీక్ష అదే రోజు ఇచ్చే ల్యాబు, రాత్రి జ్వరం వస్తే చేర్చుకునే వార్డు.

చికిత్స మొదలయ్యే ముందు ఒక ఫైలులో ఉండాల్సిన కాగితాలు నాలుగు. పాత ఆపరేషన్ల డిశ్చార్జి సమ్మరీ, స్కాన్‌ ఫిల్ములు, ముక్క పరీక్ష రిపోర్టు, ఆ ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మె. ఈ దిమ్మెను చాలామంది ల్యాబులోనే వదిలేస్తారు. రెండో అభిప్రాయానికైనా, గడ్డలో జన్యు లోపాలు వెతకడానికైనా పనికొచ్చేది అదే, అడిగితే ల్యాబు ఇస్తుంది.